విదేశీయుడు కానివాడు: నార్మన్ మినెటా ప్రజాజీవితం

భారత రాజ్యాంగం ప్రకారం చట్టసభలో సభ్యత్వం లేని వ్యక్తి మంత్రి పదవిలో ఆరు నెలలకు మించి కొనసాగడానికి వీల్లేదు. అమెరికా రాజ్యాంగం ప్రకారం చట్టసభలో సభ్యత్వం ఉన్నంతకాలం మంత్రి పదవి చేపట్టడానికే వీల్లేదు. పదవులు ఎరచూపి పార్లమెంటు సభ్యులను తన వైపు తిప్పుకునే బ్రిటిష్ రాజరికపు అలవాటును దగ్గరగా చూసిన అమెరికా రాజ్యాంగ నిర్మాతలు, 1787లో రాసుకున్న రాజ్యాంగం మొదటి అధికరణంలోనే ఈ నిషేధాన్ని పొందుపరిచారు. అక్కడ శాఖాధిపతులైన మంత్రులను కార్యదర్శులు అంటారు. వారిని దేశాధ్యక్షుడు ఎంపిక చేస్తే, ఎగువ సభ అయిన సెనేట్ విచారణ జరిపి, ఓటింగు పెట్టి ఆమోదిస్తుంది. ఆ తర్వాత వారు అధ్యక్షుడి కింద పనిచేస్తారే గాని సభలో కూర్చోరు, ఓటు వేయరు, సభాసంఘాలు పిలిచినప్పుడు మాత్రం వెళ్లి సమాధానం చెబుతారు. అందువల్ల అమెరికాలో ఒక చట్టసభ సభ్యుడు మంత్రి కావడమంటే తాను గెలుచుకున్న స్థానాన్ని, ఓటర్లిచ్చిన స్వతంత్రాన్ని వదులుకొని, నిన్నటిదాకా తాను నిలదీసిన ప్రభుత్వ యంత్రాంగంలోకి అడుగుపెట్టడమే.

ఇలా ఒక గట్టునుంచి మరో గట్టుకు చేరినవారు అమెరికా చరిత్రలో చాలామందే ఉన్నా, కాలిఫోర్నియాకు చెందిన నార్మన్ మినెటా కథ వారందరి కథల కంటే భిన్నమైనది. దిగువ సభ అయిన ప్రతినిధుల సభలో ఇరవై ఏళ్లకు పైగా సభ్యుడిగా ఉన్న ఆయన, 2000లో డెమొక్రాటిక్ పార్టీకి చెందిన బిల్ క్లింటన్ ప్రభుత్వంలో వాణిజ్య మంత్రిగానూ, ఆ మరుసటి ఏడాదే రిపబ్లికన్ పార్టీకి చెందిన జార్జి డబ్ల్యు. బుష్ ప్రభుత్వంలో రవాణా మంత్రిగానూ పనిచేశారు. రెండు పార్టీల మంత్రివర్గాల్లో పనిచేయడం అరుదైన విషయమే అయినా, ఆయన జీవితానికి అసలైన బరువు అందులో లేదు. పదేళ్ల వయసులో ఏ ప్రభుత్వం తనను ముళ్లకంచె వెనక నిర్బంధించిందో, ఆ ప్రభుత్వం చేసింది తప్పని అదే ప్రభుత్వం చేత చట్టరూపంలో ఒప్పించిన శాసనకర్త ఆయన. సరిగ్గా అదే తప్పు మళ్లీ జరిగే ప్రమాదం ముంచుకొచ్చిన 2001 శరత్కాలంలో, దాన్ని అడ్డుకోగల కుర్చీలో కూర్చొని ఉన్నదీ ఆయనే.

మినెటా 1931 నవంబరు 12న కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో, జపాన్ నుంచి వలస వచ్చిన దంపతులకు ఐదో సంతానంగా పుట్టారు. తండ్రి కునిసాకు 1902లో పద్నాలుగేళ్ల వయసులో ఒంటరిగా అమెరికా చేరి, పొలాల్లో కూలిపని చేసి, భాష నేర్చుకొని, చివరికి సొంతంగా బీమా ఏజెన్సీ పెట్టుకున్నాడు. అన్నేళ్లు అక్కడే బతికినా, పన్నులు కట్టినా, పిల్లలను అక్కడే కన్నా అతనికి పౌరసత్వం మాత్రం దక్కలేదు. స్వేచ్ఛ కలిగిన శ్వేతజాతీయులకు మాత్రమే పౌరసత్వం ఇవ్వాలని 1790లో చేసిన చట్టాన్ని అంతర్యుద్ధం తర్వాత ఆఫ్రికా సంతతివారికి కూడా వర్తింపజేశారు గాని, ఆసియా వాసులను గడప బయటే నిలబెట్టారు. జపానీయులు ఈ చట్టం కింద అర్హులు కారని 1922లో ఒజావా కేసులో, భారతీయులు కూడా అర్హులు కారని 1923లో భగత్ సింగ్ తింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు వ్యవసాయ భూమి కొనరాదని కాలిఫోర్నియా 1913లోనే ఒక చట్టం చేసి ఉన్నందువల్ల, ఈ తీర్పులతో పంజాబు నుంచి వెళ్లి అక్కడ సేద్యం చేసుకుంటున్న రైతుల కాళ్లకింది నేల కూడా కదిలింది. భారతీయులకు ఈ అడ్డంకి 1946లోనూ, జపానీయులకు 1952లోనూ తొలగింది. ఇవాళ శాన్ హోసే చుట్టుపక్కల ఊళ్లలో స్థిరపడి ఇళ్లు కొనుక్కుంటున్న వేలాది తెలుగు కుటుంబాలకు, అదే నేల మీద ఆసియా వాసికి సెంటు భూమి రాసివ్వని చట్టం ఒకప్పుడు నడిచిందన్న సంగతి తెలిసి ఉండవలసినది.

కొడుకు స్థితి మాత్రం తండ్రిది కాదు. అమెరికా గడ్డ మీద పుట్టిన ప్రతి శిశువూ ఆ దేశ పౌరుడేనని రాజ్యాంగం పద్నాలుగో సవరణ చెబుతున్నందువల్ల, నార్మన్ పుట్టుకతోనే పౌరుడు. ఆ హక్కు కాగితం మీద ఎంత గట్టిదో, అధికారం చేతిలో ఎంత పలచనైపోగలదో అతనికి పదేళ్లకే అర్థమైంది. 1941 డిసెంబరు 7న జపాన్ విమానాలు హవాయి దీవుల్లోని పెర్ల్ హార్బర్ నౌకాస్థావరంపై బాంబులు వేశాయి. ఆ తర్వాత 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 9066వ నంబరు కార్యనిర్వాహక ఉత్తర్వుపై సంతకం చేశారు. కార్యనిర్వాహక ఉత్తర్వు అంటే చట్టసభ ప్రమేయం లేకుండా అధ్యక్షుడు తన అధికారంతో జారీ చేసే ఆదేశం. సైన్యం నిర్ణయించిన ప్రాంతాల నుంచి ఎవరినైనా తొలగించవచ్చని మాత్రమే ఆ ఉత్తర్వులో ఉంది, జపానీయులన్న మాట ఎక్కడా లేదు. అయినా ఆచరణలో పశ్చిమ తీరంలోని జపాన్ సంతతివారే కట్టుబట్టలతో కదలవలసి వచ్చింది. అలా నిర్బంధానికి గురైన దాదాపు 1,20,000 మందిలో మూడింట రెండు వంతులు పుట్టుకతో అమెరికా పౌరులు.

శాన్ హోసే వీధుల్లో స్తంభాలకూ గోడలకూ సైన్యం అంటించిన ప్రకటనలో, జపాన్ సంతతికి చెందిన వారందరూ, విదేశీయులూ విదేశీయులు కానివారూ, ఫలానా చోట హాజరు కావాలని ఉంది. విదేశీయుడు కానివాడంటే పౌరుడే. అయినా పౌరుడన్న మాట రాయడానికి ప్రభుత్వానికి చేయి రాలేదు, ఎందుకంటే ఆ మాట రాస్తే వెంటనే విచారణ, నేరారోపణ, న్యాయవాది, న్యాయస్థానం అన్నవన్నీ వెంట వస్తాయి. ఆ వాక్యాన్ని మినెటా జీవితాంతం మరిచిపోలేదు. సొంత ప్రభుత్వం తనను పౌరుడని పిలవడానికి నిరాకరించింది గనకనే ఆ మాట తనకు అంత ప్రియమైనదని ఆయన ఎన్నో సభల్లో చెప్పారు. పరిపాలనా భాషలో ఒక పదాన్ని తప్పించి మరో పదం వాడటం ఎంతటి ఘోరానికి దారి తీయగలదో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

1942 మే నెలాఖరున మినెటా కుటుంబం, చేతులతో మోయగలిగినంత సామాను మాత్రమే తీసుకొని, సాయుధ సైనికుల కాపలాలో రైలెక్కింది. నార్మన్ పిల్లల స్కౌటు దుస్తుల్లో, చేతిలో బేస్‌బాల్ బంతి, చేతితొడుగు, బ్యాటు పట్టుకొని వచ్చాడు. బ్యాటు మారణాయుధంగా పనికొస్తుందని చెప్పి సైనిక పోలీసులు దాన్ని లాగేసుకున్నారు. తండ్రి కన్నీళ్లు పెట్టుకోగా తాను చూసిన మూడు సందర్భాల్లో ఒకటి పెర్ల్ హార్బర్ దాడి రోజనీ, మరొకటి ఈ రైలు ప్రయాణపు రోజనీ, ఇంకొకటి తల్లి పోయిన రోజనీ మినెటా చెప్పేవారు. మొదట వారిని లాస్ ఏంజెలెస్ దగ్గరి శాంటా అనీటా గుర్రప్పందేల మైదానానికి తీసుకెళ్లారు. అక్కడ గుర్రాలు తోలేసిన కొట్టాల్లోనే చాలా కుటుంబాలు నెలల తరబడి కాపురం చేశాయి. ఆ తర్వాత రోజుల తరబడి రైలు ప్రయాణంలో, వయోమింగ్ రాష్ట్రంలో కోడీ పట్టణానికి దగ్గరలో కొత్తగా కట్టిన హార్ట్ మౌంటెన్ శిబిరానికి చేర్చారు.

హార్ట్ మౌంటెన్ నిజానికి ఆ బీడుభూముల్లో ఒంటరిగా నిలిచిన కొండ పేరు. దాని ఎదుట వరసలు వరసలుగా చెక్క బారకాసులు కట్టి, పైన తారు కాగితం పరిచి, ఒక్కో కుటుంబానికి ఒక్కో గది, ఒక బొగ్గు పొయ్యి, ఒక బల్బు ఇచ్చారు. వంటిల్లు, స్నానాల గదులు అందరికీ ఉమ్మడి. కాలిఫోర్నియా ఎండకు అలవాటైనవాళ్లకు అక్కడి చలి, పలకల సందుల్లోంచి దూసుకొచ్చే దుమ్ము పెద్ద శిక్షలయ్యాయి. చుట్టూ ముళ్లకంచె, కాపలా బురుజులు, రాత్రిళ్లు తిరిగే దీపాలు ఉండేవి. ఇవన్నీ మీ రక్షణ కోసమేనని అధికారులు చెప్పేవారట. మరి తుపాకులు బయటివైపు కాక లోపలివైపు ఎందుకు గురిపెట్టి ఉన్నాయని పసివాళ్లకు కూడా ప్రశ్న పుట్టేది. ఒక దశలో 10,000 మందికి పైగా జనాభాతో ఆ శిబిరం వయోమింగ్ రాష్ట్రంలోని పెద్ద పట్టణాల్లో ఒకటయింది.

శిబిరంలోని స్కౌటు దళపతి చుట్టుపక్కల ఊళ్లలోని దళాలను ఆహ్వానించినప్పుడు, తొలుత జంకినా కోడీ నుంచి ఒక దళం కంచె దాటి లోపలికి వచ్చింది. ఆ దళంలోని ఆలన్ సింప్సన్ అనే కుర్రవాడూ నార్మనూ ఒకే చిన్న గుడారంలో పడుకొని, వాననీరు లోపలికి రాకుండా గుడారం చుట్టూ కాలువ తవ్వుకున్నారు. సింప్సన్ పెరిగి పెద్దవాడై రిపబ్లికన్ పార్టీ తరఫున వయోమింగ్ సెనేటర్ అయ్యారు. కంచెకు అటూ ఇటూ పెరిగిన ఆ ఇద్దరూ పార్టీలు వేరైనా చివరిదాకా ప్రాణమిత్రులుగా ఉన్నారు. ఆ స్నేహం శాసన నిర్మాణంలో ఎలా పనికొచ్చిందో కాస్త ముందుకు వెళ్తే తెలుస్తుంది.

తండ్రికి సైనికులకు జపనీస్ నేర్పే ఉద్యోగం దొరకడంతో కుటుంబం షికాగో ప్రాంతానికి మారింది. అవసరమైన భాష నేర్పడానికి అతను నమ్మదగినవాడయ్యాడు గాని, సొంత ఇంట్లో ఉండటానికి కాలేదు. యుద్ధం ముగిశాక శాన్ హోసేకు తిరిగొచ్చిన నార్మన్, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1953లో వ్యాపార శాస్త్రంలో పట్టా పుచ్చుకొని, తనను నిర్బంధించిన సైన్యంలోనే చేరి, గూఢచార విభాగం అధికారిగా జపాన్‌లోనూ కొరియాలోనూ పనిచేసి, తిరిగొచ్చి తండ్రి బీమా ఏజెన్సీలో కుదురుకున్నారు. 1967లో నగర కౌన్సిల్లో ఖాళీ అయిన స్థానానికి నియమితులై, 1971లో మేయరుగా ఎన్నికయ్యారు. అమెరికా ప్రధాన భూభాగంలో ఒక పెద్ద నగరానికి ఆసియా సంతతి వ్యక్తి మేయరు కావడం అదే మొదలు. అప్పటికి శాన్ హోసే జనాభా దాదాపు 4.5 లక్షలు, పండ్ల తోటలు కొట్టేసి కాలనీలు, రోడ్లు, ఎలక్ట్రానిక్స్ కర్మాగారాలు వేస్తున్న రోజులవి. ఒక ఊరు అదుపు తప్పి పెరిగితే రోడ్లు, మురుగునీరు, బస్సులు ఏమవుతాయో రోజూ చూసిన అనుభవం ఆయనను రవాణా రంగం వైపు నడిపించింది.

వాటర్‌గేట్ కుంభకోణంలో చిక్కుకున్న అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ 1974 ఆగస్టులో రాజీనామా చేశాక, అదే నవంబరులో జరిగిన ఎన్నికల్లో ప్రజాగ్రహపు అలలో గెలిచి వచ్చిన డెమొక్రాట్లలో మినెటా ఒకరు. అమెరికా ప్రతినిధుల సభలో అసలు పని ప్రసంగాల్లో కాక సంఘాల్లో జరుగుతుంది. ప్రతి బిల్లూ మొదట సంబంధిత సంఘానికి, అక్కడి నుంచి ఉపసంఘానికి వెళ్లి, అక్కడ చెక్కుడు పూర్తయ్యాకే సభ ముందుకు వస్తుంది గనక, ఉపసంఘం అధ్యక్షుడు అనేకసార్లు మంత్రి కంటే బలవంతుడు. ప్రజాపనులు, రవాణా సంఘంలో చేరిన మినెటా, విమానయాన ఉపసంఘానికీ, ఆ తర్వాత భూతల రవాణా ఉపసంఘానికీ అధ్యక్షత వహించి, 1991 నాటి భూతల రవాణా చట్టానికి ముఖ్య రూపకర్త అయ్యారు. ఆరేళ్లకు దాదాపు 15,500 కోట్ల డాలర్లు కేటాయించిన ఆ చట్టం, అప్పటివరకు రహదారులకే పరిమితమైన నిధుల్లో కొంత భాగాన్ని రైలుకో బస్సుకో సైకిలు బాటకో మళ్లించుకునే వీలు కల్పించి, ఆ నిర్ణయంలో రాష్ట్రాల రహదారి శాఖలతో పాటు నగర ప్రాంతాల ప్రణాళికా సంస్థలకూ అధికారం ఇచ్చింది. మేయరుగా తాను కోరుకున్న వెసులుబాటునే ఆయన చట్టంగా రాశారని చెప్పవచ్చు. 1993లో క్లింటన్ రవాణా మంత్రి పదవి ఇవ్వజూపితే కాదని, సభాసంఘం అధ్యక్ష స్థానాన్నే ఎంచుకోవడం సంఘాల బలం గురించి ఆయనకున్న అంచనాను తెలియజేస్తుంది.

అయితే ఆయన పేరు నిలబెట్టిన చట్టానికీ రోడ్లకూ సంబంధం లేదు. యుద్ధకాలపు నిర్బంధం గురించి జపాన్ సంతతి అమెరికన్లు దశాబ్దాల పాటు ఇంట్లో కూడా మాట్లాడుకోలేదు; నేరం చేయకపోయినా శిక్ష పడినవాడికి మిగిలేది సిగ్గే. ఆ మౌనం 1970ల్లో కరగడం మొదలైంది. నేరుగా పరిహారం అడిగితే సభ వినదని గ్రహించిన జపాన్ సంతతి శాసనసభ్యులు, ముందు నిజానిజాలు తేల్చే ఒక విచారణ సంఘం వేయాలని కోరారు. 1980లో ఏర్పడిన ఆ సంఘం ఊరూరా తిరిగి వందలాది మంది వాంగ్మూలాలు విని, 1983లో నివేదిక ఇచ్చింది. సైనిక అవసరం అన్నది సాకు మాత్రమేననీ, జాతి విద్వేషం, యుద్ధోన్మాదం, రాజకీయ నాయకత్వ వైఫల్యం ఈ మూడే అసలు కారణాలనీ అది తేల్చింది. బతికున్న ప్రతి బాధితుడికీ 20,000 డాలర్ల పరిహారం, ప్రభుత్వ క్షమాపణ ఇవ్వాలని సిఫారసు చేసింది.

సిఫారసు నుంచి చట్టం దాకా ఐదేళ్లు పట్టింది. ప్రతినిధుల సభలో మినెటా, రాబర్ట్ మాట్సుయి, సెనేట్‌లో హవాయికి చెందిన డేనియల్ ఇనోవే, స్పార్క్ మాట్సునాగా ఈ భారం మోశారు. బిల్లుకు 442 అన్న సంఖ్య కోరి తీసుకోవడం వెనక అర్థం ఉంది: కుటుంబాలు కంచెల వెనక ఉండగా ఇటలీ, ఫ్రాన్స్ యుద్ధరంగాల్లో పోరాడి, అమెరికా సైన్యంలోనే అత్యధిక పతకాలు పొందిన దళాల్లో ఒకటిగా నిలిచిన జపాన్ సంతతి సైనికుల దళం సంఖ్య అది. 1987 సెప్టెంబరు 17న, అంటే రాజ్యాంగంపై సంతకాలు జరిగి సరిగ్గా 200 ఏళ్లు నిండిన రోజున, బిల్లు ప్రతినిధుల సభలో చర్చకు వచ్చింది. ఖజానాపై భారమనీ, యుద్ధంలో అందరూ కష్టపడ్డారనీ కొందరు సభ్యులు వాదించినప్పుడు, మినెటా లేచి, తమ కుటుంబం ఇల్లు విడిచిన రోజు గురించి తండ్రి రాసిన ఉత్తరాన్ని ప్రస్తావిస్తూ గద్గద స్వరంతో మాట్లాడారు. బిల్లు 243 - 141 ఓట్లతో నెగ్గింది. సెనేట్‌లో రిపబ్లికన్ల మద్దతు కూడగట్టడానికి చేసిన ప్రయత్నాల్లో, చిన్ననాడు కంచె లోపలి దృశ్యాన్ని కళ్లారా చూసిన సింప్సన్ మాటకు విలువ వచ్చింది. 1988 ఆగస్టు 10న రిపబ్లికన్ అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ సంతకంతో అది పౌరస్వేచ్ఛల చట్టమైంది.

సంతకంతోనే డబ్బు రాలేదు. అమెరికాలో ఒక ఖర్చును అనుమతించే చట్టం వేరు, ఆ ఖర్చుకు నిధులు విడుదల చేసే చట్టం వేరు. మొదటిది ఉండి రెండోది లేకపోతే హామీ కాగితానికే పరిమితమవుతుంది. పరిహారం కోసం ఎదురుచూస్తూ వృద్ధులు ఒక్కొక్కరే కన్నుమూస్తుండగా, ఏటేటా అడుక్కోనక్కరలేకుండా తప్పనిసరి చెల్లింపుగా దాన్ని మార్పించాక, 1990 అక్టోబరులో మొదటి చెక్కులను అందరికంటే పెద్దవాళ్లకు ముందుగా అందించారు. చెక్కుతో పాటు అధ్యక్షుడు జార్జి హెచ్.డబ్ల్యు. బుష్ సంతకంతో ఒక క్షమాపణ లేఖ వచ్చింది. మొత్తం 82,000 మందికి పైగా పరిహారం అందుకున్నారు. నాలుగేళ్ల జీవితానికి, పోయిన పొలాలకు, దుకాణాలకు 20,000 డాలర్లు సమానం కావు, సమానమని ఎవరూ అనలేదు. చాలామంది చెక్కు ఖర్చుపెట్టినా ఉత్తరాన్ని పటం కట్టించుకున్నారంటే, వారికి కావలసింది ఏదో తెలుస్తూనే ఉంది.

1994 ఎన్నికల్లో సభ రిపబ్లికన్ల చేతికి పోవడంతో సంఘం అధ్యక్ష పదవి కోల్పోయిన మినెటా, 1995 అక్టోబరులో సభ్యత్వానికి రాజీనామా చేసి ఒక పెద్ద విమాన, రక్షణ పరిశ్రమలో చేరారు. 2000 జులైలో క్లింటన్ ఆయనను వాణిజ్య మంత్రిగా నియమించారు. అమెరికా మంత్రివర్గంలో ఆసియా సంతతి వ్యక్తి చేరడం అదే తొలిసారి. ఆ పదవి ఆరు నెలలే సాగింది గనక అందులో చెప్పుకోదగింది ఆ తొలిసారి అన్న మాటే. వివాదాస్పద ఎన్నికలో స్వల్ప తేడాతో గెలిచిన జార్జి డబ్ల్యు. బుష్, ప్రతిపక్షం నుంచి ఒకరినైనా తీసుకోవాలనుకొని, రవాణా శాఖకు ఆయనను ఎంచుకున్నారు. సెనేట్‌లో ఒక్క ఓటు కూడా వ్యతిరేకంగా పడలేదు. బుష్ మంత్రివర్గంలో ఏకైక డెమొక్రాట్‌గా 2001 జనవరి నుంచి 2006 జులై వరకు పనిచేసి, ఆ శాఖను అత్యధిక కాలం నిర్వహించిన మంత్రిగా నిలిచారు.

2001 సెప్టెంబరు 11 ఉదయం ఆయన తన కార్యాలయంలో బెల్జియం రవాణా మంత్రితో సమావేశమై ఉండగా, ఉగ్రవాదులు విమానాలతో న్యూయార్క్‌పై చేసిన దాడి వార్త అందింది. వెంటనే వైట్ హౌస్‌కు బయలుదేరి, అక్కడి భూగర్భ గదిలో ఉపాధ్యక్షుడు డిక్ చెయినీ పక్కన కూర్చొని, టెలిఫోనులో కేంద్ర విమానయాన సంస్థతో మాట్లాడుతూ ఆ ఉదయాన్ని గడిపారు. ఆ సమయానికి అమెరికా ఆకాశంలో దాదాపు 4,500 విమానాలు ఉన్నాయి. వాటన్నిటినీ దగ్గరున్న విమానాశ్రయాల్లో వెంటనే దింపాలన్న ఆదేశం, ఉదయం 9.45 ప్రాంతంలో ఆ సంస్థ నియంత్రణ కేంద్రం నుంచి వెలువడింది. ఆదేశం మొదట ఇచ్చింది కేంద్రంలోని అధికారి బెన్ స్లైనీ అని తర్వాతి విచారణలో తేలింది. మంత్రి దాన్ని బలపరిచి, ఏ పైలెట్ ఇష్టానికీ వదిలిపెట్టవద్దని చెప్పారు. ఈ సంగతిని మంత్రి ఘనతగానే రాసేవారు చాలామంది ఉన్నా, కింది అధికారి సమయస్ఫూర్తితో తీసుకున్న నిర్ణయాన్ని ప్రశ్నించకుండా నిలబెట్టడమూ మంత్రి పనిలో భాగమే. మధ్యాహ్నం 12.16 కల్లా దేశపు ఆకాశం ఖాళీ అయింది. ముందస్తు ప్రణాళిక లేకుండా అమెరికా చరిత్రలో అలా జరగడం అదే మొదలు.

ఆ తర్వాతి రోజులు ఇంకా క్లిష్టమైనవి. అరబ్బులను, ముస్లిములను, వారిలా కనిపించేవారిని వేరు చేసి సోదా చేయాలనీ, అవసరమైతే నిర్బంధించాలనీ రేడియోల్లో, పత్రికల్లో, చట్టసభలోనే గొంతులు లేచాయి. దాడులు జరిగిన నాలుగో రోజున అరిజోనాలోని మేసాలో, తలపాగా చూసి అరబ్బు అనుకొని, పెట్రోలు బంకు నడుపుకుంటున్న ఒక పంజాబీ సిక్కును కాల్చి చంపారు. పైకి కనిపించే రంగును బట్టి మనిషిని పరాయివాడిగా లెక్కగట్టే ఆ గుడ్డితనమే, 2017లో కాన్సస్ రాష్ట్రంలో తెలుగు ఇంజనీరు ఒకరి ప్రాణం తీసింది. దాడుల వెంటనే జరిగిన ఒక మంత్రివర్గ సమావేశంలో, మిషిగన్ రాష్ట్రంలోని అరబ్ అమెరికన్ల భయాలను ఆ రాష్ట్ర ప్రతినిధి ఒకరు ప్రస్తావించినప్పుడు, 1942లో నార్మన్‌కు జరిగింది ఇప్పుడు మరెవరికీ జరగకూడదని బుష్ అన్నారని మినెటా తర్వాత ఎన్నోసార్లు చెప్పారు. ప్రయాణికులను జాతిని బట్టి, మతాన్ని బట్టి, పేరును బట్టి విమానం ఎక్కనివ్వకపోవడం చట్టవిరుద్ధమని గుర్తుచేస్తూ రవాణా శాఖ ఆ నెలలోనే విమానయాన సంస్థలకు లేఖలు పంపింది. వృద్ధురాలైన శ్వేత మహిళనూ యువకుడైన ముస్లిమునూ ఒకే రీతిలో సోదా చేస్తారా అని ఒక టెలివిజన్ కార్యక్రమంలో అడిగినప్పుడు, అలాగే జరగాలని కోరుకుంటున్నానని ఆయన జవాబిచ్చారు. దానిపై వచ్చిన ఎగతాళికి, రాజీనామా డిమాండ్లకు ఆయన చలించలేదు. జాతిని చూసి అనుమానించడం అన్యాయమే కాక, సోదాకు పనికిరాని పద్ధతి కూడా అన్నది ఆయన వాదన. 1942లో 1,20,000 మందిని నిర్బంధిస్తే వారిలో ఒక్క విద్రోహ చర్య కూడా రుజువు కాలేదన్న విచారణ సంఘం నిర్ధారణ ఆయనకు అండగా ఉంది.

ఇక్కడే శాసనకర్త అనుభవం మంత్రికి అక్కరకొచ్చింది. 2001 నవంబరు 19న చేసిన చట్టం ప్రకారం, అప్పటివరకు ప్రైవేటు కాంట్రాక్టర్ల చేతిలో ఉన్న విమానాశ్రయ తనిఖీలను ఒక్క ఏడాదిలో ఒక కొత్త కేంద్ర ప్రభుత్వ సంస్థ చేతికి తేవాలి. వేలాది ఉద్యోగులను ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి, 400కు పైగా విమానాశ్రయాల్లో గడువులోగా నిలబెట్టడం, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా ప్రభుత్వం చేపట్టిన అతి పెద్ద నిర్మాణాల్లో ఒకటి. ఏ గడువు చట్టసభలో ఎలా పుడుతుందో, దాన్ని తప్పితే ఏమవుతుందో తెలిసిన మనిషి ఆ పని నడిపించారు. అయితే ఆ సంస్థ పనితీరుపై, పొడవాటి వరసలపై, కొందరు ప్రయాణికులకే పదేపదే జరిగే సోదాలపై ఫిర్యాదులు ఆగిపోలేదు. ఒక మంత్రి విధాన లేఖ రాసినంత మాత్రాన తనిఖీ బల్ల దగ్గర నిలబడ్డ ప్రతి ఉద్యోగి మనసూ మారదు.

2006లో పదవి నుంచి తప్పుకున్న ఆయనకు అదే డిసెంబరులో బుష్ దేశపు అత్యున్నత పౌర పురస్కారమైన ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందజేశారు. అంతకుముందే, 2001లో, శాన్ హోసే నగరం తన విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టుకుంది. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో సిలికాన్ వ్యాలీకి వెళ్లే తెలుగువారిలో అక్కడ దిగేవారు, సామాను కోసం ఎదురుచూసేటప్పుడు గోడ మీద చదివే పేరు అదే. లాక్కున్న బ్యాటు గురించి విన్న ఒక అభిమాని, ఆయన సభ్యుడిగా ఉన్న రోజుల్లో, చాలా విలువైన బ్యాటు ఒకటి కానుకగా పంపాడు. సభ్యులు తీసుకోదగిన కానుకల విలువకు పరిమితి ఉన్నందువల్ల మినెటా దాన్ని తిరిగి పంపించారు, సభ్యత్వం వదిలాక ఆ బ్యాటు మళ్లీ ఆయన దగ్గరికే వచ్చింది.

2022 మే 3న, తొంభయ్యేళ్ల వయసులో మేరీల్యాండ్ రాష్ట్రంలోని ఇంట్లో మినెటా కన్నుమూశారు. శిబిరం ఉన్న నేల మీద, తారు కాగితపు బారకాసుల ఆకారంలోనే కట్టిన హార్ట్ మౌంటెన్ మ్యూజియంలో, విభేదాలు దాటి మాట్లాడుకోవడం నేర్పేందుకు ఇద్దరు మిత్రుల పేర్లతో నెలకొల్పిన మినెటా - సింప్సన్ సంస్థ 2024లో ప్రారంభమైంది. తొంభై దాటిన సింప్సన్ ఆ కార్యక్రమానికి వచ్చారు. మరుసటి ఏడాది మార్చిలో ఆయనా వెళ్లిపోయారు.